విదేశంలో చదువుకుంటూ పిల్లల క్రికెట్ జట్టుకి కోచింగ్ ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఊరు గుంటూరు. సెప్టెంబరులో ఏడాది ఎమ్మెస్సీకి ఇంగ్లండులోని లెస్టర్ వెళ్తున్నారు. జిల్లా అండర్-16 జట్టుకి ఆడారు, వేసవి శిబిరాల్లో చిన్నపిల్లలకి ఊరికే సాయం చేశారు. అక్కడున్న మీ సీనియర్ తన ఇంటి దగ్గరి క్లబ్బులో అండర్-11 పిల్లలకి కోచ్ కావాలని, వారానికి రెండు గంటలేనని, చేతిఖర్చుకి ఎంతో కొంత ఇస్తారని చెప్పాడు. చేయొచ్చా, డబ్బు తీసుకోవచ్చా, చదువుకి అడ్డమా, కిట్టు ఇక్కణ్ణుంచి మోసుకెళ్లాలా అని అడిగారు.

చేయొచ్చు. డబ్బు తీసుకోకుండా, ఒక క్లబ్బు కింద, మొదటి ఏడాది అసిస్టెంటుగా, కాగితాలన్నీ పూర్తయ్యాక మాత్రమే. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా వద్దు. ఎందుకో చెప్తాను.

మీ సీనియర్ అన్న ఆ "ఎంతో కొంత" దగ్గరే అసలు ప్రమాదం. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆపై చదువులవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చని అందరికీ తెలుసు. అదే వీసా మీద కొన్ని పనులు ఒక్క గంట కూడా చేయకూడదన్న సంగతి చాలామందికి తెలియదు. అందులో రెండు మీకు నేరుగా తగులుతాయి. ఒకటి స్వయం ఉపాధి. రెండోది ప్రొఫెషనల్ స్పోర్ట్స్‌పర్సన్‌గా పనిచేయడం. ఆ మాట కింద ఆటగాడే కాదు, కోచ్ కూడా వస్తాడు. అందుకని సూపర్‌మార్కెట్లో 20 గంటలు సరుకు సర్దితే తప్పు లేదు గానీ, క్లబ్బులో గంటకి పది పౌండ్లు తీసుకుని పిల్లలకి బ్యాటింగ్ నేర్పితే వీసా షరతు తప్పినట్టే. గంటలు ఇరవైకి లోపే ఉన్నాయి కదా అనే వాదన ఇక్కడ నిలవదు.

క్లబ్బు కన్నా ఎక్కువగా ఇబ్బంది వచ్చేది మనవాళ్ల ఇళ్ల నుంచి. "తమ్ముడూ, మావాడికి శనివారం పొద్దున ఓ గంట నేర్పించు, పదిహేను పౌండ్లు ఇస్తాంలే" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ అలా ప్రైవేటుగా నేర్పడం స్వయం ఉపాధి, పైగా డబ్బుకి కోచింగ్, అంటే ఒకే పనిలో రెండు తప్పులు. బ్యాంకులో వేసి "క్రికెట్ కోచింగ్" అని రాశారంటే ఆ వరస మీ స్టేట్‌మెంట్‌లో ఉండిపోతుంది. నగదు ఇచ్చినా షరతు తప్పినట్టే. "వీసా ఒప్పుకోదు అన్నా, బాబుని క్లబ్బుకి తీసుకురండి, అక్కడ చూస్తాను" అని చెప్పేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో మెలిక ఉంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. ప్రొఫెషనల్ ఎవరు అని తేల్చేటప్పుడు ఇప్పుడు డబ్బు తీసుకుంటున్నారా లేదా అని మాత్రమే చూడరు. ఇంతకుముందు ఆడుతూనో, నేర్పుతూనో దాని మీద బతికారా, గత రెండేళ్లలో రాష్ట్ర జట్టుకో దేశ జట్టుకో ఆడారా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. అండర్-17, ఆ పై వయసు జట్లు కూడా ఇందులో ఉన్నాయి. మీరు జిల్లా అండర్-16 దగ్గర ఆగారు, శిబిరంలో జీతం తీసుకోలేదు, కాబట్టి మీకు చిక్కు కనిపించడం లేదు. ఇదే జవాబు చదివే ఇంకొకరు ఆంధ్ర అండర్-19కి నిరుడు ఆడి ఉండొచ్చు, లేదా విజయవాడలో ఏదో అకాడమీలో రెండేళ్లు జీతానికి కోచ్‌గా చేసి ఉండొచ్చు. అలాంటివాళ్లు ఉచితంగా చేసినా ప్రశ్న రావచ్చు. ఎవరైనా సరే, మొదలుపెట్టే ముందు యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ సలహాదారుకి మీ ఆట చరిత్ర మొత్తం ఒక ఈమెయిల్లో రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్లో "పర్లేదు" అంటే సరిపోదు. ఆ ఈమెయిల్ చదువు అయ్యేదాకా దాచుకోండి. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకి మారినా ప్రొఫెషనల్ ఆట, కోచింగ్ మీద నిషేధం అలాగే ఉంటుంది.

ఖర్చులు తీసుకోవచ్చా? బస్సు టికెట్టు ఎంతైతే అంత, రసీదు ఇచ్చి తీసుకోవచ్చు. "వచ్చిన ప్రతిసారీ ఇరవై పౌండ్లు, ఖర్చుల కింద" అని గంపగుత్తగా ఇస్తే అది జీతమే, పేరు మారిందంతే. బహుమతి కార్డులు, ఫోన్ రీచార్జి, ఉచిత అద్దె గది కూడా ఆ కోవలోవే. క్లబ్బు టీషర్టు వేసుకోవడానికి ఇస్తే వేసుకోండి.

ఉచితంగా చేసే పనిలో కూడా రెండు రకాలున్నాయి. మీకిష్టమైనప్పుడు వస్తూ, రాలేనప్పుడు మానేసే స్వచ్ఛంద సాయం ఆ 20 గంటల్లోకి రాదు. ఒప్పందం రాసుకుని, ఫలానా రోజు ఫలానా గంటకి రావాల్సిందే అని కట్టడి పెట్టి, జీతగాడు చేయాల్సిన పని మీతో చేయిస్తే అది జీతం లేని ఉద్యోగం అవుతుంది, గంటల లెక్కలోకి వస్తుంది. క్లబ్బువాళ్లు సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో "కాంట్రాక్ట్" అన్న మాట కనిపిస్తే పెట్టే ముందు సలహాదారుకి చూపించండి.

ఇక కాగితాలు. బ్రిటన్లో పిల్లలతో పనిచేసేవాళ్లకి డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ జరుగుతుంది. దరఖాస్తు క్లబ్బు ద్వారానే వెళ్తుంది, స్వచ్ఛందంగా చేసేవాళ్లకి ఫీజు ఉండదు. గత ఐదేళ్లలో మీరు ఉన్న చిరునామాలన్నీ నెలలతో సహా అడుగుతారు. హాస్టల్, పేయింగ్ గెస్ట్ గది, ఇల్లు, మధ్యలో హైదరాబాదులో కోచింగ్ కోసం ఉన్న మూడు నెలలు, అన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. అక్కడికి వెళ్లాక గుర్తుచేసుకుంటూ రాస్తే మధ్యలో ఖాళీలు వచ్చి దరఖాస్తు తిరిగొస్తుంది.

మనవాళ్ల దరఖాస్తులు ఆగిపోయే ఇంకో కారణం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉండటం, టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండటం, బ్యాంకులో వరస తారుమారు కావడం మనకి మామూలే. డీబీఎస్‌కి పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, మిగతా రూపాలు "ఇతర పేర్లు" అన్న చోట రాయండి. యూనివర్సిటీ రికార్డు, ఈవీసా (ఆన్‌లైన్లో ఉండే వీసా రికార్డు), బ్యాంకు ఖాతా ఈ మూడింట్లో పేరు ఒకేలా ఉండేట్టు మొదటి నెలలోనే సరిచేయించుకోండి.

డీబీఎస్ తనిఖీ బ్రిటన్ రికార్డులనే చూస్తుంది, మన దేశంలో ఏముందో దానికి తెలియదు. అందుకని కొన్ని క్లబ్బులు మన పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాయి. దాన్ని ఇక్కడుండగానే తీసుకోండి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో దరఖాస్తు పెట్టి, 500 రూపాయలు కట్టి, విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకుంటే సరి. పాస్‌పోర్టులో చిరునామా, ఇప్పుడున్న చిరునామా వేరైతే స్టేషన్ విచారణకి రోజులు పడతాయి, కాబట్టి ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. అక్కడికి వెళ్లాక హైకమిషన్ ద్వారా తెప్పించుకోవాలంటే డబ్బూ ఎక్కువ, ఎదురుచూపూ ఎక్కువ. దీంతోపాటు శిబిరంలో మీరు సాయం చేసిన కోచ్ దగ్గర, ఏ నెలల్లో, ఏ వయసు పిల్లలతో చేశారో చెప్పే ఉత్తరం ఒకటి, ఆయన ఈమెయిల్ చిరునామాతో తీసుకోండి. క్లబ్బు సేఫ్‌గార్డింగ్ ఆఫీసరు (పిల్లల భద్రత చూసే వ్యక్తి) ఆయనకి రాసి వాకబు చేస్తారు, కాబట్టి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఈ తనిఖీలు పూర్తికాక ముందు పిల్లల మధ్యకి వెళ్లకండి. "ఈ వారం ఎవరూ లేరు, వచ్చి నిలబడు చాలు" అని అడుగుతారు. నిబంధనలు పట్టించుకోని క్లబ్బు రేపు ఏదైనా జరిగితే మిమ్మల్నీ కాపాడదు.

ఇప్పుడు మైదానంలోకి. మన దగ్గర నేర్చుకున్న అలవాట్లలో కొన్ని అక్కడ పూర్తిగా వదిలేయాలి. గుంటూరు బీఆర్ స్టేడియంలోనైనా, విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలోనైనా పొద్దున ఆరింటికి నిలబడి చూడండి. ఎక్కడో ఒక మూల క్యాచ్ వదిలిన పిల్లాడు గ్రౌండు చుట్టూ రౌండ్లు కొడుతుంటాడు, ఇంకొకడు గుంజీళ్లు తీస్తుంటాడు. సారు స్టంపుతో కాలి మీద ఒకటి తగిలించినా అమ్మానాన్నా ఏమీ అనరు. అక్కడ పిల్లవాడి మీద చెయ్యి పడితే అది పోలీసుల దాకా వెళ్లే విషయం. శిక్షగా పరుగెత్తించడం కూడా ఫిర్యాదు కిందకే వస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, క్యాచ్ వదిలితే రౌండు అనే భయం ఉన్న తొమ్మిదేళ్ల పిల్లవాడు తర్వాతి బంతికి చేతులు చాచడు, వెనక్కి జరుగుతాడు. ఆ వెనకడుగు మాన్పించడానికి నెలలు పడుతుంది.

మిగతా నియమాలు ఇవి. పిల్లలతో ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు, కనీసం ఇద్దరు పెద్దలు కంటికి కనపడుతూ ఉండాలి. తొమ్మిదేళ్లు, ఆ పైవాళ్లయితే పదిమందికి ఒక పెద్ద, ఎనిమిదేళ్లు, ఆ లోపువాళ్లయితే ఎనిమిదిమందికి ఒకరు. నెట్స్‌లో అయితే ఏ వయసైనా ఎనిమిదిమందికి ఒక కోచ్. పిల్లలు బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లకూడదు. అమ్మ ఆలస్యంగా వస్తుందని పిల్లాణ్ణి మీ స్నేహితుడి కారులో దింపకూడదు. ఇంకో పెద్దతో కలిసి అక్కడే ఉండి ఫోన్ చేయాలి. పిల్లల ఫోన్లకి నేరుగా మెసేజ్ వద్దు, ఏదైనా తల్లిదండ్రుల గ్రూపులోనే. ఫొటో మీ ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు, ఇంట్లోవాళ్లకి పంపడం కోసమైనా సరే. బ్యాట్ పట్టు సరిచేయాలంటే మీ బ్యాట్ మీద మీరు పట్టి చూపించండి. చెయ్యి పట్టి సరిచేయక తప్పదంటే "పట్టుకోనా?" అని అడిగి, అందరికీ కనపడేలా చేయండి.

ఇంకొకటి మనకి తట్టనిది. సంక్రాంతికి అమ్మ పంపిన పల్లీ చిక్కీ, సున్నుండలు పిల్లలకి పంచాలనిపిస్తుంది. పంచకండి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. ఒక్క ముక్క గొంతు వాచిపోవడానికి చాలు. మొదటి రోజే ప్రతి పిల్లవాడి ఎలర్జీ, ఆస్తమా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు ఉన్న జాబితా అడిగి తీసుకోండి. ఇన్‌హేలరు, ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే ఇచ్చే ఇంజెక్షను) ఎవరి సంచిలో ఉందో మొదటి బంతి పడకముందే మీకు తెలిసి ఉండాలి.

పిల్లవాడు ఏదైనా బాధ మీతో చెప్పుకుంటే, ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో తాకారనో అంటే, "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వొద్దు. విని, గుచ్చిగుచ్చి అడగకుండా, వాడన్న మాటలు వాడన్నట్టే ఆ రోజే రాసి సేఫ్‌గార్డింగ్ ఆఫీసరుకి ఇవ్వండి. విచారణ మీ పని కాదు. ఆ కుటుంబం మన తెలుగువాళ్లదే అయినా, పండక్కి మీరు వాళ్లింట్లో భోంచేసినా, ఇందులో మార్పు లేదు.

సెషన్ ఎలా నడపాలో కాస్త వివరంగా చెప్తాను, కొత్తవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. మనకి తెలిసిన పద్ధతి ఏమిటి? ఒక బ్యాటరు, ఒక వరస, సారు బంతి వేస్తాడు. లెక్క కట్టండి. 14 మంది పిల్లలు, ఒక్కో బంతికి 20 సెకన్లు. అంటే ఒక పిల్లవాడికి 4 నిమిషాల 40 సెకన్లకి ఒక బంతి. 70 నిమిషాల సెషన్ మొత్తం వరసలో నిలబడితే 15 బంతులు. మిగతా సమయం పక్కవాణ్ణి గిల్లడం, గడ్డి పీకడం. అదే పిల్లల్ని నలుగురేసి గుంపులు చేసి, బంతిని టీ (బంతిని నిలబెట్టే చిన్న స్టాండు) మీద పెట్టి పది సెకన్లకి ఒకటి కొట్టిస్తే 40 సెకన్లకి ఒక్కొక్కరికి ఒక బంతి వస్తుంది, 20 నిమిషాల్లోనే 30 బంతులు. వరసలో ముగ్గురికి మించి నిలబడి ఉన్నారంటే ఆ డ్రిల్లు ఆపి రెండు చేయండి.

12 నుంచి 14 మందికి, ఇద్దరు పెద్దలతో, 75 నిమిషాలకి ఈ కొలత పనిచేస్తుంది. సామాను: మెత్తని బంతులు 16, కోన్లు 24, ప్లాస్టిక్ స్టంపులు మూడు సెట్లు, చిన్న బ్యాట్లు 6, బ్యాటింగ్ టీలు 4. మీరు అరగంట ముందు వెళ్లి అన్నీ పరిచేసి ఉండాలి. పిల్లలు వచ్చాక కోన్లు పెట్టడం మొదలుపెడితే ఆ పది నిమిషాల్లో వాళ్లు చేయి దాటిపోతారు.

మొదటి ఐదు నిమిషాలు వచ్చినవాళ్లు వచ్చినట్టే ఇద్దరిద్దరు కింద నుంచి బంతి విసురుకుంటూ ఉండాలి, ఎవరి కోసమూ ఆగకూడదు. తర్వాత పది నిమిషాలు ఒళ్లు వేడెక్కే ఆట. ఇక్కడ మన ఆటలు అద్భుతంగా పనికొస్తాయి. ఖోఖోలో మలుపు తిరగడం, వంగి లేవడం ఉంటాయి, ఫీల్డర్‌కి కావాల్సినవి అవే. ఏడు పెంకులాట అయితే విసరడానికి ఇంతకన్నా మంచి డ్రిల్లు లేదు. ఏడు కోన్లు బోర్లించి పేర్చండి, ఆరు మీటర్ల నుంచి మెత్తని బంతితో పడగొట్టాలి, ఒక జట్టు పేరుస్తుంటే ఇంకో జట్టు బంతి అందుకుని విసరాలి. గురి, పరుగు, అందుకోవడం మూడూ వచ్చేస్తాయి, "త్రోయింగ్ ప్రాక్టీస్" అన్న మాట మీరు అనక్కర్లేదు. ఒక్క మార్పు చేయండి, బంతి నడుము కిందే తగలాలని పెట్టండి.

పదిహేనో నిమిషం నుంచి ముప్పై అయిదో నిమిషం దాకా నైపుణ్యం, ఒక రోజుకి ఒక్కటే. ముందుకి అడుగేసి కొట్టడం అనుకుంటే అదొక్కటే. మీరు మాట్లాడే సమయం అరనిమిషం దాటకూడదు. మన ఇంగ్లిషు వేగం, యాస వాళ్లకి మొదట్లో అందవు, సిగ్గుపడక్కర్లేదు. రెండుసార్లు చేసి చూపించి మూడు మాటలు చెప్పండి: "చూడు, అడుగెయ్, కొట్టు." తల, మోచెయ్యి, భుజం, పాదం అన్నీ ఒకేసారి చెప్తే పిల్లవాడు బంతి చూడటం మానేస్తాడు. మన గొంతు పెద్దది. మైదానం ఆ చివరికి వినపడాలని అరిచింది దగ్గరున్న పిల్లకి తిట్టులా వినిపిస్తుంది. దూరంగా ఉన్నవాణ్ణి పిలవడానికి ఈల వాడండి.

బౌలింగ్‌లో జరిగే పెద్ద తప్పు పిచ్ పొడవు. 22 గజాలు, అంటే 66 అడుగులు, పెద్దల కొలత. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి అక్కణ్ణుంచి వేయిస్తే బంతి చేరదు. చేర్చాలని మోచెయ్యి వంచి విసురుతాడు. మీరు చెయ్యి నిటారుగా పెట్టమని నెలరోజులు మొత్తుకున్నా పోదు, దూరం తగ్గిస్తే ఆ రోజే పోతుంది. 15, 16 గజాల నుంచి మొదలుపెట్టండి, పదిలో ఏడు బంతులు చేరుతున్నాయంటే ఒక గజం వెనక్కి.

మిగతా సమయం మ్యాచ్. అందరూ ఆడేలా జంటల క్రికెట్ పెట్టండి. జట్టు 200 పరుగులతో మొదలవుతుంది, ఒక్కో జంట రెండు ఓవర్లు ఆడుతుంది, అవుటైతే ఐదు పరుగులు పోతాయి గానీ ఆట నుంచి పోరు. అందరూ బౌలింగ్ వేయాలి. మొదటి బంతికే అవుటై ముప్పావు గంట చెట్టు కింద కూర్చున్న పిల్లవాడు మూడో వారం రాడు. మీ జట్టులో బాగా ఆడే ఇద్దరితోనే ఓవర్లన్నీ వేయించి గెలవాలన్న కోరిక కలుగుతుంది. ఆ కోరికకి లొంగకండి. పెద్ద పిల్లల్లో వేగంగా వేసేవాళ్లకి ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు వయసును బట్టి ఓవర్ల పరిమితి పెట్టింది, ఆ ఏడాది పట్టిక క్లబ్బులో అడిగి తీసుకోండి. ఎదిగే ఎముక మీద నడుములో పగుళ్లు వస్తాయి కాబట్టి పెట్టిన నియమం అది.

గట్టి బంతి వచ్చేసరికి నియమాలు బిగుస్తాయి. అండర్-13, ఆ కింది వయసుకి 135 గ్రాముల బంతి, పెద్దల్లో మగవాళ్లది 156. బ్యాటింగ్‌కి, స్టంపుల దగ్గర నిలబడే కీపర్‌కి హెల్మెట్. అండర్-13, ఆ కింది పిల్లలు బ్యాటర్‌కి 11 గజాల కన్నా దగ్గరగా నిలబడకూడదు, అండర్-15కి ఎనిమిది గజాలు, ఆఫ్ సైడు వికెట్ వెనక ఉన్నవాళ్లకి తప్ప. మన సందుల్లో సిల్లీ పాయింట్లో నిలబెట్టే అలవాటు అక్కడ పనికిరాదు. తలకి దెబ్బ తగిలితే, స్పృహ పోకపోయినా, తలనొప్పి, వాంతి, మసక చూపు, తికమక మాటల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజుకి ఆట ముగిసింది. "బాగానే ఉన్నా" అని పిల్లవాడు అన్నా సరే. 24 గంటలు ఒంటరిగా వదలకూడదు, ఆ లోపే వైద్యులకి చూపించాలి. 2023లో వచ్చిన బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం పోటీ ఆటకి కనీసం 21 రోజులు తిరిగి రాకూడదు. ఇదంతా తల్లిదండ్రులకి అప్పటికప్పుడు చెప్పి, క్లబ్బు ప్రమాదాల పుస్తకంలో రాయండి.

వాతావరణం గురించి ఒక్క మాట. గుంటూరు మే నెల ఎండలో పెరిగినవాళ్లకి ఏప్రిల్ సాయంత్రం ఇంగ్లండు చలి కొత్త. చల్లబడిన వేళ్లకి బంతి తగిలితే తేలు కుట్టినట్టుంటుంది, పిల్లలు క్యాచ్‌కి రాకపోవడానికి సగం కారణం అదే. ఏప్రిల్లో క్యాచింగ్ అంతా మెత్తని బంతితోనే చేయించండి.

చదువు సంగతి. ఇక్కడ మీ సీనియర్ చెప్పని విషయం ఒకటుంది. క్లబ్బు క్రికెట్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. ఏడాది ఎమ్మెస్సీలో చాలాచోట్ల పరీక్షలు జనవరిలో, మేలో, డిసర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) జూన్ నుంచి ఆగస్టు దాకా. అంటే సీజను నడినెత్తి మీదికి వచ్చినప్పుడే మీ డిసర్టేషన్ కూడా. మాస్టర్స్‌వాళ్లకి డిసర్టేషన్ కాలం సెలవుల్లోకి రాదు, పని గంటల పరిమితి కూడా అలాగే ఉంటుంది. "వారానికి రెండు గంటలే" అన్నది కూడా సరికాదు. 75 నిమిషాల సెషన్, ముందు అరగంట, తర్వాత సామాను సర్దడానికి పావుగంట, రానూపోనూ గంట. మూడు గంటలు అయింది. ప్లాను రాసుకోవడానికి ఇంకో అరగంట. ఆదివారం మ్యాచ్‌కి కూడా ఒప్పుకుంటే ప్రయాణంతో కలిపి మరో ఐదు గంటలు. దీని పక్కన 20 గంటల ఉద్యోగం కూడా ఉంటే చదువుకి మిగిలేది నిద్ర సమయమే.

అందుకని మొదటి ఈమెయిల్లోనే క్లబ్బుకి తేల్చి రాయండి: జనవరి నుంచి మార్చి దాకా ఇండోర్ ప్రాక్టీసుకి వారానికి ఒకసారి వస్తాను, మేలో పరీక్షల మూడు వారాలు రాను, జూలై, ఆగస్టుల్లో వారానికి ఒక్క ప్రాక్టీసే, మ్యాచ్‌లకి రాను, ప్రధాన కోచ్ బాధ్యత తీసుకోను. ఇలా రాస్తే ఏ క్లబ్బూ కాదనదు. అన్నిటికీ సరేనని జూలైలో మాయమైతే, శుక్రవారం సాయంత్రం మీ కోసం ఎదురుచూసేది పదేళ్ల పిల్లలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాగితాలు, డీబీఎస్, క్లబ్బు చెప్పే సేఫ్‌గార్డింగ్ కోర్సు, ఫౌండేషన్ స్థాయి కోచింగ్ కోర్సు పూర్తిచేసుకోండి. స్వచ్ఛందంగా చేసేవాళ్లకి కోర్సు ఫీజు భరించే క్లబ్బులు ఉన్నాయి, అడగండి.

వేరే దేశాలకి వెళ్లేవాళ్ల కోసం క్లుప్తంగా. అమెరికా ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద బయట డబ్బుకి కోచింగ్ కుదరదు. లాభాపేక్ష లేని సంస్థలో, అందరూ ఉచితంగానే చేసే పనైతే చేయొచ్చు, పక్కవాడికి జీతమిచ్చే పని మీరు ఉచితంగా చేసినా చిక్కే. మనవాళ్లు నడిపే అకాడమీలు నగదు ఇస్తామంటాయి, ఆ పని చేస్తే పోయేది ఎఫ్-1 హోదానే. నేరచరిత్ర తనిఖీ ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. క్యాంపస్ ఉద్యోగం లేనివాళ్లకి చాలావరకు అది ఉండదు, వేరే పద్ధతి అడగాలి గానీ ఇంకొకరి నంబరు రాయకూడదు. ఆస్ట్రేలియాలో రెండు వారాలకి 48 గంటల పరిమితిలో జీతానికి కూడా కోచింగ్ చేయొచ్చు, అయితే వర్కింగ్ విత్ చిల్డ్రన్ తనిఖీ ఉండాలి. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల్లో స్వచ్ఛందంగా చేసేవాళ్లకి ఆ కార్డు ఉచితం, కానీ దాని మీద జీతం తీసుకోకూడదు. కెనడాలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. అక్కడి పోలీసుల దగ్గర వల్నరబుల్ సెక్టార్ తనిఖీ (పిల్లలతో పనిచేసేవాళ్లకి చేసే నేరచరిత్ర తనిఖీ) చేయించుకోవాలి. ఒంటారియోలో తల దెబ్బల మీద రోవన్స్ లా అని ప్రత్యేక చట్టమే ఉంది, కోచ్‌లు దాని నియమాలు చదివి ఒప్పుకోవాలి.

చివరిగా కిట్టు. బ్యాట్, ప్యాడ్లు మోయకండి. పిల్లల సామాను క్లబ్బుదే, పెద్దల బ్యాట్ తొమ్మిదేళ్ల చేతికి ఎందుకూ పనికిరాదు, 23 కిలోల పెట్టెలో పచ్చడి సీసాలకి చోటు కావాలి. మీరు కూడా పెద్దల జట్టులో ఆడాలనుకుంటే ఒక బ్యాట్, గ్లవ్స్, గార్డ్ చాలు. ఈల, స్టాప్‌వాచ్, 20 మీటర్ల టేపు, చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఆ టేపు ఇక్కడ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, గజాలు, మీటర్లు రెండూ ఉన్నది చూసి కొనండి. వర్షానికి తడిసే కాన్వాస్ బూట్లు వద్దు, రబ్బరు మేకుల బూట్లు అక్కడికి వెళ్లాక కొనుక్కోండి. పోలీస్ క్లియరెన్స్, కోచ్ ఉత్తరం, చిరునామాల జాబితా మాత్రం పెట్టెలో కాదు, చేతి సంచిలో పాస్‌పోర్టు పక్కన ఉండాలి. స్కాన్ కాపీలు మీ ఈమెయిల్‌కి పంపుకోండి.